చదివిన కాలేజీకి వీలునామాలో కొంత రాయాలని ఉంది, ఎలా?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఫిజిక్స్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మావారు పోయి ఆరేళ్లయింది. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. డిగ్రీ రెండో ఏడాదిలో ఫీజు కట్టలేక చదువు మానేద్దామనుకున్నాను. అప్పుడు మా కాలేజీలో ఎవరో పాత విద్యార్థి పెట్టివెళ్లిన నిధి నుంచి నాకు సాయం అందింది. ఆయన పేరు కూడా నాకు తెలీదు. ఇప్పుడు నా వీలునామాలో ఆ కాలేజీకి కొంత రాయాలని ఉంది. ఫిజిక్స్ చదివే పేద అమ్మాయిలకు మాత్రమే, అందులోనూ ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాళ్లకు మాత్రమే, మావారి పేరు మీద ఎప్పటికీ ఇస్తూ ఉండాలి. ఎంత రాయాలి? ఏమని రాయాలి? పిల్లలు నొచ్చుకుంటారా? రేపు కాలేజీయే మూతపడితే ఏమవుతుంది? ఈ టెన్షన్‌తోనే రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాను.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ‘మాత్రమే’ రెండుసార్లు, ‘ఎప్పటికీ’ ఒకసారి ఉన్నాయి. మీరడిగిన నాలుగింటికీ జవాబు చెబుతాను గానీ, ముందు ఈ రెండు మాటల సంగతి చూద్దాం. వీలునామాల్లో చిక్కు ఎక్కువగా వీటి దగ్గరే పడుతుంది.

స్టీఫెన్ గిరార్డ్ అనే వ్యాపారి 1831లో ఫిలడెల్ఫియాలో చనిపోయాడు. ఆ రోజుల్లో అమెరికాలోని అతి సంపన్నుల్లో ఆయనొకడు. తన ఆస్తిలో చాలా భాగం అనాథ పిల్లల కోసం ఒక బడి కట్టించడానికి రాసిపోయాడు. అదే గిరార్డ్ కాలేజ్. పేరుకు కాలేజీయే గానీ, నిజానికి వసతి ఉన్న బడి. వీలునామాలో ఎంత వివరంగా రాశాడంటే, ప్రహరీ గోడ పది అడుగుల ఎత్తుండాలన్న సంగతి కూడా వదల్లేదు. మతబోధకులెవరూ లోపల అడుగు పెట్టకూడదన్నాడు. చేర్చుకునే పిల్లలు పేదవాళ్లు, తెల్లవాళ్లు, మగపిల్లలు, తండ్రి లేనివాళ్లు అయి ఉండాలన్నాడు. బంధువులు కోర్టుకెక్కారు. 1844లో అమెరికా సుప్రీంకోర్టు వీలునామా చెల్లుతుందని చెప్పాక, 1848లో బడి తెరుచుకుంది. ఆ ‘తెల్లవాళ్లు’ అన్న ఒక్క మాట మీద వందేళ్ల తర్వాత మళ్లీ కోర్టులు, ధర్నాలు. నల్లజాతి పిల్లలు మొదటిసారి ఆ గేటు దాటింది 1968లో. ఆడపిల్లలు చేరింది 1984లో. దాత మనసు మంచిదే, అనాథల మీద జాలి కూడా నిజమే. కానీ తన కాలం ఆలోచనల్ని ఎప్పటికీ మారని నియమాలుగా రాసిపెట్టాడు.

మీ షరతులు అలాంటివని అనడం లేదు. అమ్మాయిల చదువుకు డబ్బివ్వాలనుకోవడంలో తప్పేముంది? అయితే ‘ఫస్ట్ క్లాసు’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మార్కులు పోయి గ్రేడ్లు వస్తున్నాయి. రేపు గ్రేడ్లూ ఉంటాయో లేదో ఎవరు చూశారు? ఫిజిక్స్ విభాగం ఇంకో విభాగంలో కలిసిపోవచ్చు, కోర్సు పేరే మారిపోవచ్చు. ఒక ఏడాది ఫిజిక్స్‌లో చేరిన పేద అమ్మాయి ఒక్కతే ఉండి, ఆమెకు కాస్తలో ఫస్ట్ క్లాసు తప్పితే, ఆ ఏడాది మీ డబ్బు బ్యాంకులోనే కూర్చుంటుంది. ఆ అమ్మాయేమో ఫీజు కట్టలేక ఇంటికి వెళ్లిపోతుంది. అన్నట్టు, మీరు చదువు మానేద్దామనుకున్న ఆ రెండో ఏడాదిలో మీకు ఫస్ట్ క్లాసు ఉందా? ఉత్తరంలో రాయలేదు. ఆ నిధి పెట్టినాయన కూడా ఆ షరతే పెట్టి ఉంటే మీ సంగతి ఏమయ్యేదో మీకే తెలియాలి.

ఇంకో ఉదాహరణ బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. 1790లో చనిపోయేముందు ఆయన తన వీలునామాకు ఒక అనుబంధం చేర్చాడు. బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాలకు చెరో వెయ్యి పౌండ్లు రాశాడు. ఆ డబ్బును పెళ్లయిన యువ చేతిపనివాళ్లకు అయిదు శాతం వడ్డీకి అప్పులుగా ఇవ్వాలి, వందేళ్లయ్యాక కొంత ఊరి మేలుకు ఖర్చుపెట్టాలి, మిగిలింది ఇంకో వందేళ్లు నడవాలి. ఇదీ ఏర్పాటు. రెండు వందల ఏళ్ల తర్వాత లెక్క చూస్తే డబ్బు లక్షల డాలర్లయింది. అది నిజంగా గొప్ప సంగతే. కానీ గురువు దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకుని సొంతంగా దుకాణం పెట్టుకునే ఆ పద్ధతే మధ్యలో కనుమరుగైంది. అప్పు తీసుకునేవాళ్లు దొరక్క నిధి చాలాకాలం అసలు ఉద్దేశానికి దూరంగానే ఉండిపోయింది. బోస్టన్‌లో మొదటి వందేళ్ల వాటాతో, ఇంకొందరి సాయంతో, 1908లో ఒక సాంకేతిక విద్యాలయం పెట్టారు. అది ఫ్రాంక్లిన్ పేరుతో ఇప్పటికీ ఉంది. తర్వాతివాళ్లకు ఆయన కాస్త వెసులుబాటు వదిలాడు కాబట్టే అది సాధ్యమైంది.

కాబట్టి నా సలహా ఒకటే. ఎవరికి ఇస్తున్నారో ఆ పేరు బిగించి రాయండి. ఎందుకు ఇస్తున్నారో అది వదులుగా రాయండి. మనవాళ్లు సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తారు. షరతులు అరపేజీ ఉంటాయి, కాలేజీ పేరు మాత్రం ‘మా కాలేజీ’ అని ఉంటుంది.

ఇది నా అనుభవం కూడా. నా స్నేహితుడొకాయన తన వీలునామాకు నన్ను ఎగ్జిక్యూటర్‌గా, అంటే తాను పోయాక దాన్ని అమలు చేసే మనిషిగా, పెట్టాడు. చదువుకున్నవాడు, లెక్కల్లో మహా పక్కా. కానీ వీలునామాలో కాలేజీని అందరూ పిలిచే ముద్దుపేరుతో రాసేశాడు. ఆయన పోయాక ఆ డబ్బు మాదంటే మాదని ఇద్దరు వచ్చారు. ఒకరు కాలేజీని నడిపే ట్రస్టువాళ్లు, ఇంకొకరు అదే ముద్దుపేరుతో రిజిస్టరు చేయించుకున్న పాత విద్యార్థుల సంఘంవాళ్లు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి. ఆ చిక్కు విప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. లాయరు ఫీజులు ఆ డబ్బులోంచే పోయాయి. ఒక్క వాక్యం సరిగ్గా రాసి ఉంటే ఆ రెండేళ్లలో ఇద్దరు ముగ్గురు పిల్లలు చదువుకుని ఉండేవాళ్లు.

కాలేజీ బోర్డు మీద ఉండే పేరు వేరు, చట్టం ముందు ఉండే పేరు వేరు. ప్రపంచమంతా హార్వర్డ్ అని పిలిచే సంస్థకు చట్టప్రకారం ఉన్న పేరు ‘ప్రెసిడెంట్ అండ్ ఫెలోస్ ఆఫ్ హార్వర్డ్ కాలేజ్’. మీ కాలేజీ విశ్వవిద్యాలయంలో భాగమా, ఏదైనా ట్రస్టు కిందిదా, సొసైటీదా, ప్రభుత్వానిదా? విరాళాలు తీసుకోవడానికి వాళ్లకు వేరే ఫౌండేషన్ ఏదైనా ఉందా? ఇవి ఊహించకండి, కాలేజీని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. రిజిస్టరైన పూర్తి పేరు, నమోదు సంఖ్య, చిరునామా మూడూ వీలునామాలో ఉండాలి. ప్రభుత్వ కాలేజీ అయితే దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. డబ్బు నేరుగా కాలేజీకి చేరుతుందా, ప్రభుత్వ ఖాతాలో పడుతుందా అన్నది ముందే తెలుసుకోవాలి.

హార్వర్డ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ పేరు రావడానికి కారణం కూడా ఒక వీలునామాయే. జాన్ హార్వర్డ్ అనే యువ మతబోధకుడు 1638లో జబ్బుచేసి చనిపోతూ, రెండేళ్ల కిందటే పుట్టిన ఆ కాలేజీకి తన ఆస్తిలో సగం, దాదాపు నాలుగు వందల పుస్తకాలు ఇస్తున్నానని నోటిమాటగా చెప్పాడు. ఆ మాటను అందరూ నిలబెట్టారు. మీరు మాత్రం నోటిమాట మీద వదలకండి. ఇవాళ చాలా దేశాల్లో మామూలు మనుషుల నోటి వీలునామా చెల్లదు. ఆ పుస్తకాల సంగతి కూడా వినండి. 1764లో గ్రంథాలయం తగలబడింది. ఆ రాత్రి బయట ఉండిపోయిన ఒక్క పుస్తకం మాత్రం మిగిలిందని చెబుతారు. మీ ఇంట్లో ఉన్న పుస్తకాలు, పరికరాలు కూడా ఇద్దామని మీకు అనిపించవచ్చు. అవి బతికుండగానే, కాలేజీ సరేనంటేనే ఇవ్వండి. అడగకుండా వచ్చిపడే వస్తువులు కాలేజీలకు భారమే.

ఇక ఎంత రాయాలన్నది. దీనికి మూడు దారులున్నాయి. ఇంత మొత్తం అని అంకె వేయడం ఒకటి. ఫలానా ఇల్లు, ఫలానా షేర్లు అని ఆస్తిని చూపించడం రెండోది. అప్పులు, ఖర్చులు, పన్నులు, ఇతరులకు రాసినవి అన్నీ పోగా మిగిలినదాంట్లో ఇన్ని శాతం అనడం మూడోది. మీకు నేను మూడోదే చెబుతాను.

ఎందుకంటే, అంకె వేస్తే అది రెండు వైపులా కోస్తుంది. ఇరవై ఏళ్లు బతికారనుకోండి (బతకాలి కూడా), ఇవాళ పెద్దగా కనిపించే మొత్తం అప్పటికి చిల్లర అయిపోవచ్చు. లేదా చివరి రోజుల్లో వైద్యానికి ఆస్తి చాలావరకు కరిగిపోవచ్చు. అప్పుడు సాధారణంగా జరిగేదేమిటంటే, అప్పులు తీరాక ముందు అంకె వేసి రాసినవి చెల్లిస్తారు. మిగిలింది ఉంటేనే ‘మిగతాదంతా నా పిల్లలకు’ అని రాసిన వాటా. అంటే కాలేజీకి పూర్తిగా ముట్టి, పిల్లలకు ఏమీ మిగలకపోవచ్చు. మీరు కోరుకున్నది అది కాదు కదా. మిగులులో శాతం రాస్తే ఆస్తి పెరిగినా తరిగినా అందరూ అదే నిష్పత్తిలో పంచుకుంటారు.

ఆస్తిని చూపించి రాయడంలో ఇంకో ప్రమాదం ఉంది. కాలేజీకి రాసిన స్థలాన్ని మీరే ఎప్పుడో అమ్మేసి, వీలునామా మార్చడం మర్చిపోయారనుకోండి. ఆ దానం అక్కడితో ఎగిరిపోతుంది. అమ్మిన డబ్బు దాని బదులు వెళుతుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా వెళ్లదు. ఇల్లు రాస్తే కాలేజీ తీసుకుంటుందన్న నమ్మకమూ లేదు. అద్దెకున్నవాళ్లు, వాటాదారులు, పాత అప్పులు ఉన్న ఇంటిని ఏ సంస్థా ఉత్సాహంగా తీసుకోదు.

మీ ఆశ ‘ఎప్పటికీ’ కాబట్టి శాశ్వత నిధి లెక్క కూడా చెప్పాలి. అసలు కదపకుండా రాబడిలో కొంత మాత్రమే వాడే నిధిలోంచి, పెద్ద సంస్థలు సాధారణంగా ఏడాదికి నాలుగైదు శాతం తీస్తాయి. మిగతా రాబడి ధరల పెరుగుదలకు తట్టుకోవడానికి మళ్లీ అసలులో కలుపుతాయి. నాలుగు శాతం లెక్కన, ఒక అమ్మాయికి ఒక ఏడాది ఫీజు పూర్తిగా కట్టాలంటే ఆ ఫీజుకు ఇరవై అయిదు రెట్లు నిధిలో ఉండాలి. ఏటా నలుగురికి కట్టాలంటే వంద రెట్లు. ఈ లెక్క చూసి నిరుత్సాహపడకండి. నిధి చిన్నదైతే శాశ్వతం అన్న ఆశ వదిలి, పదేళ్లలో అసలుతో సహా ఖర్చు చేయమని రాయవచ్చు. ఎప్పటికీ ఏడాదికి ఒకరికి పుస్తకాల ఖర్చు మాత్రం ఇచ్చే నిధి కన్నా, పదేళ్లలో పదిమంది చదువు పూర్తి చేయించే నిధి నాకు ముద్దు. ఇది నా అభిప్రాయం మాత్రమే, చాలా కాలేజీలవాళ్లు ఒప్పుకోరు. వాళ్లకు శాశ్వత నిధే ఇష్టం.

వాక్యం ఎలా ఉండాలో అడిగారు. లాయరుకు చూపించుకోవడానికి ఒక నమూనా ఇస్తున్నాను, అలాగే దించేయకండి:

“నా అప్పులు, అంత్యక్రియల ఖర్చు, పన్నులు పోగా మిగిలిన ఆస్తిలో ఇన్ని శాతం ఫలానా సంస్థకు, అక్కడ చదివే విద్యార్థుల ఆర్థిక సహాయం కోసం ఇస్తున్నాను. ఈ నిధికి నా భర్త పేరు పెట్టాలి. విజ్ఞాన శాస్త్రం చదివే, డబ్బు ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థినులకు ముందు అవకాశం ఇవ్వాలని నా కోరిక. కాలం మారి ఇది కుదరకపోతే, దీనికి దగ్గరగా ఉండే ఇంకో ప్రయోజనానికి వాడే అధికారం సంస్థ పాలకమండలికి ఉంటుంది. నేను చనిపోయేనాటికి ఆ సంస్థ లేకపోయినా, దానం తీసుకోనని చెప్పినా, అదే పని చేసే మరో విద్యాసంస్థను నా ఎగ్జిక్యూటర్ ఎంచుకోవచ్చు.”

ఇందులో ‘ఇస్తున్నాను’ అన్నది ఆదేశం, ‘నా కోరిక’ అన్నది కోరికే. కోర్టులు ఈ రెంటినీ వేరువేరుగా చూస్తాయి. ఇంతకన్నా వివరాలు చెప్పాలనుంటే విడిగా ఒక ఉత్తరం రాసి వీలునామాతో పాటు ఉంచండి. మీ రెండో ఏడాది కథ ఆ ఉత్తరంలో రాయండి. రేపు ఆ డబ్బు ఎవరికివ్వాలో తేల్చేవాళ్లకు మార్కుల నియమం కన్నా ఆ కథే బాగా దారి చూపిస్తుంది.

కాలేజీ మూతపడితే ఏమవుతుందన్నది మంచి ప్రశ్న. వర్జీనియాలో స్వీట్ బ్రయర్ అనే మహిళా కాలేజీ ఉంది. ఇండియానా ఫ్లెచర్ విలియమ్స్ అనే ఆవిడ చనిపోయిన తన కూతురి జ్ఞాపకంగా, వీలునామాలో తన ఎస్టేటు రాసి పెట్టించిన కాలేజీ అది. 1901లో ఏర్పడింది. 2015 మార్చిలో డబ్బు లేదు, మూసేస్తున్నామని పాలకమండలి హఠాత్తుగా ప్రకటించింది. పాత విద్యార్థినులు ఊరుకోలేదు. చందాలు పోగేశారు, వ్యవహారం కోర్టుకు వెళ్లింది. అక్కడ వాదనకు ఆధారమైనవాటిలో నూటపదిహేనేళ్ల కిందటి ఆ వీలునామా కూడా ఉంది. ఆవిడ ఇచ్చింది ఈ కాలేజీ నడపడానికే తప్ప మూసేయడానికి కాదన్నది వాదన. జూన్‌లో రాజీ కుదిరింది, కాలేజీ తెరిచే ఉంది. అన్నిసార్లూ ఇలా సుఖాంతం కాదు. సంస్థ పోతే చాలా దేశాల్లో కోర్టు దాత ఉద్దేశానికి దగ్గరగా ఉండే వేరే పనికి ఆ డబ్బు మళ్లించగలదు. అయితే మీరు ఉద్దేశం ‘ఈ కాలేజీకి తప్ప ఇంకెవరికీ కాదు’ అన్నట్టు రాస్తే ఆ దారి మూసుకుపోయి డబ్బు వెనక్కి వచ్చేయవచ్చు. అందుకే నమూనాలో ఆ చివరి వాక్యం.

డబ్బు మళ్లించడం అనగానే దాత మాట తప్పినట్టు అనుకోనక్కర్లేదు. 1794లో చనిపోయిన మద్రాసు వ్యాపారి పచ్చయప్ప మొదలియార్ వీలునామాలో దైవకార్యాలకు, దానధర్మాలకు ఆస్తి రాశారు. అది దశాబ్దాలపాటు సరైన అజమాయిషీ లేకుండా పడి ఉంది. చివరికి ఆ రోజుల్లో మద్రాసులో ఉన్న సుప్రీంకోర్టు కలగజేసుకుని పద్ధతి ఏర్పాటు చేశాక, మిగులు సొమ్ముతో 1842లో బడి మొదలైంది. పచ్చయప్ప కాలేజీ దాంట్లోంచే పెరిగింది. ఆయన పేరు ఇవాళ ఆ కాలేజీ వల్లే జనానికి గుర్తుంది. అలాగని ఆ దశాబ్దాల వృథాను మర్చిపోకూడదు. పట్టించుకునే ఎగ్జిక్యూటర్ లేకపోతే ఎంత మంచి వీలునామా అయినా పెట్టెలో కాగితమే. మీ వయసువాళ్లను కాకుండా మీకన్నా చిన్నవాళ్లను, లెక్కాపత్రం తెలిసినవాళ్లను ఎగ్జిక్యూటర్‌గా పెట్టుకోండి. రెండో పేరు కూడా రాయండి.

పిల్లల సంగతి. ముందు చట్టం ఏమంటుందో చూసుకోవాలి, అది దేశాన్నిబట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో ఇద్దరు పిల్లలున్నవాళ్లు తమ ఆస్తిలో మూడో వంతు మాత్రమే ఇష్టమైనవాళ్లకు రాయగలరు, మిగతాది పిల్లల హక్కు. ముస్లిం చట్టంలో కూడా వారసులు ఒప్పుకుంటే తప్ప వీలునామా సాధారణంగా మూడో వంతు దాటకూడదు. కొన్నిచోట్ల పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. మీ పేరున ఉన్నదంతా మీదేనా, మీవారి వైపు నుంచి వచ్చినదాంట్లో పిల్లలకు ఇప్పటికే వాటా ఉందా అన్నది లాయరుతో తేల్చుకోండి. మనది కానిది దానం చేయలేం కదా.

ఇంగ్లండ్‌లో ఒక తల్లి 2004లో చనిపోయింది. పదిహేడేళ్లకే ఇల్లు వదిలి వెళ్లిన ఒక్కగానొక్క కూతురికి ఏమీ ఇవ్వకుండా, దాదాపు ఆస్తంతా జంతు సంరక్షణ, పక్షుల సంస్థలకు రాసింది. కారణం చెబుతూ ఉత్తరం కూడా పెట్టింది. కూతురు కోర్టుకు వెళితే కేసు కింది కోర్టు నుంచి పై కోర్టుకు, అక్కడి నుంచి మళ్లీ పైకి తిరిగి, 2017లో సుప్రీంకోర్టులో తేలింది. కూతురికి మొదట కింది కోర్టు ఇచ్చిన 50 వేల పౌండ్లే ఖాయమయ్యాయి. పదమూడేళ్లు! మీ ఇంట్లో అలాంటి తగాదా లేదు, మీరు పిల్లల్ని తీసేయడమూ లేదు. అయినా వాళ్లకు ఈ విషయం మీరు పోయాక లాయరు నోటివెంట తెలియకూడదు.

ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పండి. అనుమతి అడుగుతున్నట్టు కాదు, తీర్పు చెబుతున్నట్టూ కాదు. నేను రెండో ఏడాదిలో మానేసి ఉంటే టీచర్ని అయ్యేదాన్ని కాదు, అక్కడి నుంచి వచ్చిందే ఇదంతా అని చెప్పండి. శాతం కూడా చెప్పేయండి. అంకె దాచి విషయం మాత్రం చెబితే ఊహల్లో అది రెట్టింపవుతుంది. ఒకరు మౌనంగా ఉండిపోతే ఉండనివ్వండి, వారం తర్వాత మళ్లీ మాట్లాడండి. నా అనుభవంలో పిల్లలు నిలదీసేది ఎక్కువగా డబ్బు గురించి కాదు, ‘నాన్న పేరు పెడుతున్నావు, మమ్మల్ని ఒక్క మాట అడగలేదే’ అని. వాళ్లలో ఒకరిని ఆ నిధి వ్యవహారంలో కలుపుకుంటే ఇంకా మంచిది.

కాలేజీకి కూడా ముందే చెప్పండి. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895 నవంబరులో లాయరు లేకుండా తానే వీలునామా రాసుకుని సంతకం చేశాడు. బహుమతులు ఎంపిక చేయాల్సింది ఫలానా సంస్థలని రాశాడు గానీ, వాటిలో దేన్నీ అడగలేదు. అందులో ఒకటి కరోలిన్‌స్కా వైద్య విద్యాసంస్థ. మరుసటి ఏడాది ఆయన పోయాక సంస్థలు తటపటాయించాయి, బంధువులు అడ్డం తిరిగారు, ఎగ్జిక్యూటర్లకు తల ప్రాణం తోకకు వచ్చింది. మొదటి బహుమతులు ఇచ్చేసరికి 1901 వచ్చింది. అంతటివాడికే అంత పట్టింది.

కాలేజీతో మాట్లాడేటప్పుడు మొహమాటపడకండి. విరాళాల ఖాతా విడిగా ఉందా, ఆడిట్ అవుతుందా? నిధికి పేరు పెట్టాలంటే కనీసం ఎంత ఉండాలి? నిర్వహణ ఖర్చుల కింద ఎంత పట్టుకుంటారు? ఎవరికిచ్చారో కుటుంబానికి ఏటా తెలియజేస్తారా? ఇవి అడిగినందుకు ముఖం చిట్లించే కాలేజీకి మీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. మాట్లాడినంత మాత్రాన మీరు కట్టుబడిపోయినట్టు కాదు, వీలునామా మీరు బతికున్నంతకాలం మార్చుకునేదే. అయితే ‘మాట ఇస్తున్నాను’ లాంటి కాగితం ఏదైనా సంతకం పెట్టమంటే లాయరుకు చూపకుండా పెట్టకండి. కాలేజీవాళ్లే లాయర్ని పంపిస్తామంటే వద్దనండి. సాక్షులుగా కాలేజీ మనుషులూ వద్దు, పిల్లలూ వద్దు. వీలునామాలో లాభం ఉన్నవాళ్లు సాక్షి సంతకం చేస్తే చాలా చోట్ల వాళ్ల వాటాకే ఎసరొస్తుంది. మీ వయసులో రాస్తున్నారు కాబట్టి, ఆ రోజు మీ తెలివి నిలకడగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకోవడం కూడా మంచిదే.

బ్యాంకు డిపాజిట్లు, ఇన్సూరెన్స్, పెన్షన్ ఖాతాల్లో నామినీలు ఎవరున్నారో ఇవాళే చూడండి. కొన్ని దేశాల్లో నామినీకే ఆ డబ్బు చెందుతుంది, వీలునామా దాని జోలికి పోలేదు. కొన్నిచోట్ల నామినీ కాపలాదారు మాత్రమే, అసలు హక్కు వీలునామాదే. మీ దగ్గర ఏ పద్ధతో తెలియకుండా శాతాలు వేస్తే లెక్క తప్పుతుంది. పన్ను గురించి ఎక్కువ ఆలోచించకండి. వారసత్వ పన్ను ఉన్న దేశాల్లో సాధారణంగా దానానికి రాయితీ ఉంటుంది. బ్రిటన్‌లో పన్ను పడే ఎస్టేటులో పదోవంతు సేవా సంస్థలకు రాస్తే పన్ను 40 శాతం నుంచి 36కు తగ్గుతుంది. భారతదేశంలో చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. ఏదైనా, పన్ను కోసం రాస్తున్న దానం కాదు కదా మీది.

ఇంతా చదివి ఇంకో ఏడాది వాయిదా వేస్తారేమోనని నా భయం. సోఫియా స్మిత్ అనే ఆవిడ మసాచుసెట్స్‌లో ఉండేది. చెవిటివారి బడికి ఆస్తి ఇద్దామనుకుంది. ఈలోపు ఇంకో దాత ఆ పని చేసేశాడు. ఆవిడ వీలునామా మార్చుకుని ఆడవాళ్ల కాలేజీకి రాసి, 1870లో కన్నుమూసింది. 1875లో స్మిత్ కాలేజీ 14 మంది అమ్మాయిలతో మొదలైంది. మొదటిసారే అన్నీ సరిగ్గా రాసేయాలన్న నియమం లేదు. ఇప్పుడున్న ఆలోచనతో ఒకటి రాసి సంతకం చేయండి, మూడు నాలుగేళ్లకోసారి తీసి చూసుకోండి. కుదిరితే ఆ మొత్తంలో ఒక చిన్న భాగం ఈ ఏడాదే ఇచ్చి చూడండి. కాలేజీ డబ్బును ఎలా వాడుతుందో మీ కళ్ల ముందే తెలిసిపోతుంది. నచ్చకపోతే శాతం మార్చుకోవడం మీ చేతిలో పని.

చివరగా ఒక విషయం. మీకు సాయం చేసిన నిధి పెట్టినాయన పేరు తెలీదన్నారు. మీ పేరు, మీరు చదివిన సంవత్సరం చెబితే కాలేజీ పాత లెక్కల పుస్తకాల్లో అది దొరికే అవకాశం ఉంది. ఆ నిధి ఇంకా నడుస్తూ ఉంటే మీ డబ్బును దాంట్లోనే కలపవచ్చు. అప్పుడు కనీస మొత్తం ఎంతుండాలన్న బెంగ తగ్గుతుంది, నియమాలు కొత్తగా రాయక్కర్లేదు, మీవారి పేరును దాని పక్కన చేర్చమని అడగవచ్చు. కాలేజీకి రాసే మొదటి ఉత్తరంలో శాతాలూ షరతులూ ఏవీ వద్దు. నాకు ఆ ఏడాది ఫీజు కట్టిన నిధి ఏది, అది ఇప్పటికీ ఉందా అని మాత్రం అడగండి.